మిల్లు చెరువు కట్ట మీది రాయి

దయ్యాలను చూశామని చెప్పేవాళ్ళు నా లెక్కలో రెండు రకాలు. అజీర్తి చేసినవాళ్ళు, పనీపాటా లేనివాళ్ళు. మా వనస్థలిపురంలో రెండూ కలిసిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన మొదలుపెట్టగానే నేను చెప్పులు వేసుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది నేనే కాబట్టి మీరూ లేచి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ఇందులో తెల్లచీర లేదు, గజ్జెల చప్పుడు లేదు. జరిగిందంతా పట్టపగలు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపు పైన మూడో అంతస్తులో, ట్యూబులైట్ల కింద. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. వారంలో ఏ రోజు బస్సులు తిరుగుతాయో, ఏ రోజు తిరగవో పొద్దున టీవీ పెడితే గానీ తెలిసేది కాదు.

మాది తెనాలి దగ్గర. ఎమ్మే ఇంగ్లీషు చదివి, పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో పన్నెండేళ్ళు గ్రామర్ చెప్పాను. బంద్‌ల దెబ్బకి పిల్లలు ఊళ్ళకి పోయారు, సెంటరు మూతపడింది. మా జిల్లావాడే అయిన ప్రసాద్ గారు ఒక చిన్న ఆఫీసు పెట్టి, నన్ను పిలిచి ఎడిటర్ అన్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. చేసే పని ఏంటంటే, ఇంగ్లండులో ఒక సంత ఊరికి వచ్చే పర్యాటకులకు ఏం చూడాలో ఇక్కణ్ణుంచి మేం చెప్పాలి. ఆ ఊరిని చూసినవాడు మాలో ఒక్కడూ లేడు. వాళ్ళు పాత పేజీలు, కొన్ని ఫోటోలు పంపేవాళ్ళు. మేం ఉపగ్రహ మ్యాపు పక్కన పెట్టుకుని, అవే సంగతులు కొత్త మాటల్లో రాసేవాళ్ళం.

ఆ ఊరి పేరు చెప్పను. చెప్పినా నోరు తిరగదు. కానీ అక్కడ చూడవలసిన వింతలు మాత్రం చెప్పి తీరాలి. ఊరి మధ్య నాలుగు స్తంభాల మీద ఒక కప్పు. ఒకప్పుడు దాని కింద వెన్న అమ్మేవాళ్ళట, దానికో పేజీ. చర్చి శిఖరం కొంచెం పక్కకి ఒరిగిందట, దానికో పేజీ. మన దగ్గర ఒరిగితే మున్సిపాలిటీ నోటీసు అంటిస్తుంది. కోట అన్నారు, మ్యాపులో చూస్తే ఒక గోడ. మ్యూజియం నిండా తుప్పు పట్టిన నాగళ్ళు. బాతులకు గింజలు వేయడం కూడా ఒక ఆకర్షణే. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి ఇంకా పాతది, దానికి చెప్పుల స్టాండు తప్ప వేరే ఆర్భాటం లేదు. వీళ్ళేమో గోడకి కూడా టికెట్టు పెట్టారు.

అన్నిటికంటే ఘనమైనది దయ్యాల నడక. శనివారం సాయంత్రం టోపీ పెట్టుకున్న ఒకాయన జనాన్ని సందుల్లో తిప్పి, ఇక్కడ ఫలానావిడ ఉరేసుకుంది అని చెబుతాడు. ఆ పేజీ నేనే రాశాను. అంత ఏవగింపుతో అంత చక్కటి ఇంగ్లీషు మళ్ళీ ఎప్పుడూ రాయలేదు.

నా కింద ఐదుగురు రాసేవాళ్ళు. అందులో ఒకడు యాదగిరి. ఇబ్రహీంపట్నం అవతల పల్లెటూరు, డిగ్రీ దాకా తెలుగు మీడియం. ముప్పై ఏళ్ళుంటాయి. కర్మన్‌ఘాట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని భార్యతో ఉండేవాడు. భార్య బీఎడ్ చేస్తోంది. చేరిన రోజే నాతో చెప్పాడు, "గీ నౌకరి ఉంటెనే ఆమె చదువు సార్. లేకుంటె రూము ఖాళీ చేసి ఊరికి పోవుడే" అని. నేను విని తలూపి, అతని వాక్యంలో ఆర్టికల్స్ తప్పులు దిద్దడంలో పడ్డాను.

నిజం చెప్పాలంటే అతనంటే నాకు చులకన. అతని యాస చులకన, అతని ఇంగ్లీషు చులకన, సాయంత్రం ఐదు కొట్టగానే ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమం మీటింగుకి పరిగెత్తడం మరీ చులకన. ఆ రోజుల్లో మా ఇళ్ళలో భయం కూడా ఉండేది. భయాన్ని పైకి చెప్పుకోలేక వెటకారం చేసేవాళ్ళం.

ఒకరోజు అతనికి ఊరి బయటి నీటి మర పేజీ ఇచ్చాను. నీటి మర అంటే చక్రం నీళ్ళతో తిరిగి పిండి విసిరే మిల్లు. దాని వెనక చిన్న చెరువు, చెరువుకి మట్టి కట్ట, కట్టకి తూము. వాళ్ళు పంపిన ఫోటోలు నాలుగు. మిల్లు, చక్రం, బాతులు, టీ అంగడి. అంతే.

యాదగిరి రాసిన పేజీలో చివరి పేరా నాకిప్పటికీ నోటికి వచ్చు. కట్ట మీద, తూము పక్కన, మోకాలెత్తు రాయి ఒకటి ఉంది. తూర్పు ముఖం. నెత్తిన పిడికిలి పట్టేంత గుంట. పడమటి మూల విరిగి ఉంటుంది. నీళ్ళ దగ్గరికి పోయేవాళ్ళు అక్కడ ఏదో ఒకటి పెట్టి పోతారు. మీరు కూడా పెట్టండి.

పాత పేజీ తీశాను, రాయి మాట లేదు. ఫోటోలు పెద్దవి చేసి చూశాను, లేదు. మ్యాపులో తూము దగ్గర చెట్లు, పొదలు, పచ్చటి ముద్ద. అప్పుడు పిలిచాను.

"ఏంటయ్యా ఇది?"

"రాయి సార్."

"అది తెలుస్తోంది. ఎక్కడ చూశావు?"

"చూడలే సార్. చెరువుకు కట్ట ఉన్నది గద. కట్ట ఉంటె కట్ట మైసమ్మ ఉంటది. లేకుంటె కట్ట ఆగదు."

తెలంగాణ పల్లెల్లో ప్రతి చెరువు కట్ట మీదా మైసమ్మ రాయి ఉంటుందని, పసుపూ కుంకుమా పెడతారని నాకు తెలుసు. కానీ ఇంగ్లండు చెరువుకి కూడా ఉంటుందని నమ్మగల మనిషి నా ఆఫీసులో ఉంటాడని తెలియదు. ఆఫీసంతా వినేలా చదివి వినిపించాను. "బోనం కూడా ఎత్తుకెళ్ళమని రాయకపోయావా, విమానంలో పెట్టనిస్తారేమో కనుక్కుందాం" అన్నాను. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు, కోప్పడలేదు. పోయి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఆ పేరా నేను కొట్టేశాను. ఇది ముఖ్యం. దిద్దిన పేజీలు నా కంప్యూటర్లో ఒక ఫోల్డర్లో, దిద్దనివి ఇంకో ఫోల్డర్లో పెట్టేవాణ్ణి. క్లయింటుకి పంపేది నేనొక్కణ్ణే. ఆ రోజు నాలుగింటికి మర్నాడు బంద్ అని, సాయంత్రం నుంచే బస్సులు ఆపేస్తారని వార్త వచ్చింది. వనస్థలిపురం దాకా నడవాల్సి వస్తుందేమోనని హడావుడిలో ఫైళ్ళు పంపేసి బస్సెక్కాను. పంపింది దిద్దని ఫోల్డర్.

మూడు వారాలకి ఆ ఊరి నుంచి మెయిలు వచ్చింది. అక్కడి పర్యాటక పేజీలు చూసే ఆవిడ పేరు మార్గరెట్. మిల్లు చెరువు దగ్గర అలాంటి రాయి ఏదీ లేదు, జనం వచ్చి వెతికి మమ్మల్ని అడుగుతున్నారు, ఇది ఎవరి కల్పన, సంజాయిషీ ఇవ్వండి అని రాసింది. మిగతా పేజీ మాత్రం ఎప్పుడూ వచ్చేవాటికంటే సూటిగా, హాయిగా ఉందని కూడా రాసింది. ఆ వాక్యం నాకు పుండు మీద కారంలా తగిలింది.

ప్రసాద్ గారు పిలిచి అడిగారు. నేను తప్పు ఫోల్డరు పంపానని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చెప్పలేదు. "దిద్దాక వాడే మళ్ళీ పెట్టి ఉంటాడండీ, వాడికి ఆ పిచ్చి ఉంది" అన్నాను. యాదగిరి అక్కడే నిలబడి ఉన్నాడు. నా వైపు ఒకసారి చూశాడు. పంపేది నేనేనని అతనికి తెలుసు, నేను నోరు విప్పనని కూడా అర్థమైంది.

"రేపట్నించి రాకు" అన్నారు ప్రసాద్ గారు.

యాదగిరి తన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, వెళ్తూ నా టేబులు దగ్గర ఆగాడు. "రాయి ఉంటది సార్. జర మంచిగ చూడమనుండ్రి" అన్నాడు. అంతే. నేను స్క్రీను మీంచి తల ఎత్తలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆ సంగతి ఎవరూ తలుచుకోలేదు. నేనూ తలుచుకోలేదని రాయాలని ఉంది గానీ, కర్మన్‌ఘాట్ వైపు పనిబడితే వేరే దారిన వెళ్ళేవాణ్ణి.

ఒకరోజు మార్గరెట్ నుంచి మళ్ళీ మెయిలు. ఈసారి ఫోటో కూడా. చలికాలంలో చెరువు కట్ట మీది ముళ్ళపొదలు కొట్టించారట. తూము పక్కన ఒక ముసలి చెట్టు మొద్దు తవ్వి తీస్తే, దాని వేళ్ళ మధ్య రాయి బయటపడిందట. మోకాలెత్తు. తూర్పు ముఖం. నెత్తిన గుంట. గుంటలో మట్టి తీస్తే పాత గుండుసూదులు, అరిగిన రాగి బిళ్ళలు, గాజు పూసలు ఉన్నాయట. చెట్టు పుట్టకముందు నుంచీ రాయి అక్కడే ఉండాలి కాబట్టి, దాన్ని చూసిన మనిషి ఇప్పుడు ప్రాణాలతో ఉండే అవకాశం లేదని, ఊరి చరిత్ర రాసినవాళ్ళ కాగితాల్లో కూడా దాని మాట లేదని రాసింది. మీ రచయితకు ఎలా తెలిసింది అని అడిగింది.

ఫోటో పెద్దది చేసి చూశాను. పడమటి మూల విరిగి ఉంది.

నేను భయపడలేదు. ఒళ్ళు మండింది. రాళ్ళకి మూలలు విరుగుతూనే ఉంటాయి, నాలుగింటిలో ఒక మూల సరిపోవడం పెద్ద వింతేమీ కాదు అని నాకు నేనే లెక్క చెప్పుకున్నాను. ఆవిడకి మాత్రం, ఒక పాత పుస్తకంలో దొరికింది అని జవాబు రాశాను. అబద్ధం ఒకటి చెబితే తోడుకి రెండోది కావాలంటారు. మర్నాడే ఆవిడ పుస్తకం పేరు అడిగింది. రాయిని కట్ట మీంచి తీసి మ్యూజియంలో పెట్టామనీ, కొత్త ఆకర్షణగా దానికి ఒక పేజీ కావాలనీ రాసింది.

ఇక తప్పక కర్మన్‌ఘాట్ వెళ్ళాను. గదికి తాళం. "ఖాళీ చేసి చాన దినాలాయె" అంది ఇంటామె. "ఆయన ఎల్బీనగర్ చౌరస్తాల కనపడ్తడు, ఆడ అడుగుండ్రి."

ఎల్బీనగర్‌లో ఆ రోజు వంటావార్పు. రోడ్డు దిగ్బంధానికి అదొక పద్ధతి. చౌరస్తాకి అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, దారిన పోయేవాళ్ళకి వడ్డిస్తారు. నా బస్సు ఆగిపోయింది. దిగి చూస్తే రోడ్డు మీద బంతి. గరిటె పట్టుకుని పప్పు వడ్డిస్తున్నది యాదగిరి.

నన్ను చూసి, "కూసోండ్రి సార్" అన్నాడు. చుట్టూ వందల మంది జనం. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని నాకు బెదురు. మాట్లాడకుండా తారు రోడ్డు మీద మఠం వేసుకుని కూర్చున్నాను. విస్తరి వేసి, అన్నం పెట్టి, పప్పు పోశాడు. తిన్నాను. రెండోసారి కూడా అడక్కుండానే పెట్టాడు.

తిన్నాక పక్కకి పిలిచి ఫోటో చూపించాను. అతను ఆశ్చర్యపోతాడని, నేను అతని ఆశ్చర్యం చూసి కొంత ఊరట పడతానని అనుకున్నాను. అతను ఫోటో చూసి, "ఏం పెట్టిండ్రు సార్ అమ్మకు?" అన్నాడు.

"ఏం పెడతారు. తీసి మ్యూజియంలో పెట్టారు."

అతని మొహం మారింది. "తీసిండ్రా? కట్ట మీదికెళ్ళి తీసిండ్రా?" గరిటె ఇంకొకతని చేతిలో పెట్టేశాడు. "సార్, ఈయాల్నే రాయుండ్రి. మల్ల ఆడనే పెట్టమనుండ్రి. నా పేరు రాయకున్నా మంచిదే. ఆ కట్ట కింద మనుషులున్నరు గద."

"నీకెలా తెలిసింది యాదగిరీ? మూల విరిగిందని ఎలా రాశావు?"

"రాసేటప్పుడు కనపడ్డది రాసిన. గది ఇడిసిపెట్టుండ్రి. మీరు మెయిలు పెట్టుండ్రి."

పెడతానన్నాను. పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో దాచను. రాయిని వెనక్కి పెట్టమని రాయాలంటే, ఎందుకు అని ఆవిడ అడుగుతుంది. పుస్తకం లేదని చెప్పాలి. రాసినవాడు వేరే అని చెప్పాలి. వాణ్ణి ఎందుకు తీసేశారో చెప్పాలి. ప్రతి ఉదయం ఆఫీసుకి వచ్చి మెయిలు తెరిచి, ఇంగ్లండు చెరువుకి మైసమ్మ ఏమిటి నా మొహం అని నవ్వుకుని మూసేవాణ్ణి. అలా పంతొమ్మిది రోజులు.

ఇరవయ్యో రోజు మార్గరెట్ మెయిలు వచ్చింది. వాన ఎడతెగకుండా కురిసి, కట్ట తూము దగ్గర జారిపోయింది. చెరువంతా మిల్లులోకి వచ్చేసింది. కాపలా ఉండే ముసలి దంపతులు మేడ మీది కిటికీలోంచి దిగి బతికారు. ముసలావిడ చెయ్యి విరిగింది. మిల్లు మూసేశారు. పేజీ తీసేయమని రాసింది.

ఇందులో వింతేమీ లేదు. కట్టలో గొయ్యి తవ్వితే కట్ట బలహీనపడుతుంది. దీనికి దయ్యం అక్కర్లేదు, గడ్డపార చాలు. ఇంజనీరు కూడా అదే చెబుతాడు. కానీ ఆ చెయ్యి విరిగిన ముసలావిడ మూడు రోజులు నాకు అన్నం తిననివ్వలేదు. పంతొమ్మిది రోజుల్లో ఏ ఒక్క రోజున రాసినా సరిపోయేది.

అప్పుడు ఉన్నదంతా రాశాను. ఫోల్డరు సంగతి కూడా. ప్రసాద్ గారితోనూ చెప్పాను. ఆయన "అతన్ని రమ్మనండి మూర్తి గారూ" అన్నారు. మార్గరెట్ జవాబు చిన్నది. కట్ట మళ్ళీ కట్టేటప్పుడు రాయిని అక్కడే పెడతామంది. ఎంత లోతున, ఏ తీరున పెట్టాలో ఆ రచయితని అడిగి చెప్పమంది. నా గురించి ఏమీ రాయలేదు.

ఆ ఆదివారం బస్సులు తిరిగాయి. ఇబ్రహీంపట్నంలో దిగి, షేర్ ఆటో ఎక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. యాదగిరి ఇంటి ముందరే ఉన్నాడు. కుశలం అడగకుండా, జేబులోంచి ఫోటో తీసి, రాయి ఎలా పెట్టాలో చెప్పమన్నాను. అతను ఊరి చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళాడు.

తూము పక్కన మైసమ్మ రాయి. పసుపు, కుంకుమ, ఎండిన బంతిపూలు. మోకాలెత్తు, తూర్పు ముఖం, నెత్తిన గుంట. మనసు తేలికైంది. ఓస్ ఇంతేనా, తన ఊరి రాయిని చూసి రాశాడన్నమాట అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది. కూర్చుని ఫోటోని పక్కన పెట్టాను.

రెంటికీ పడమటి మూలే విరిగింది. విరిగిన చోట అంచు పై నుంచి ఏటవాలుగా దిగి, మధ్యలో ఒక మెట్టులా ఆగి, మళ్ళీ దిగింది. ఫోటోలోనూ అంతే. వేళ్ళతో కొలిచాను. మెట్టు నుంచి కింది అంచు దాకా నా బొటనవేలంత. ఫోటోలో రాయి పక్కన కొలతకని వాళ్ళు స్కేలు పెట్టారు. దాని ప్రకారం కూడా అంతే.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. దేవుళ్ళ మీద కూడా అంతంతమాత్రమే. తర్వాత ఒక భూగర్భ శాస్త్రం లెక్చరర్‌ని అడిగితే, ఆ రెండు చోట్ల రాయి జాతే వేరు, ఒకేలా విరగడానికి కారణం లేదన్నాడు. ఆ విరుపుకి అర్థం నాకు ఈనాటికీ తెలియదు. ఎవరైనా చెబితే వింటాను, మధ్యలో లేచి వెళ్ళను.

ఎంత లోతున పాతాలో, అడుగున ఏం వేయాలో, మొదటి రోజు ఏం పెట్టాలో యాదగిరి ఓపిగ్గా చెప్పాడు. కాగితం మీద రాసుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఇంటి ముందర అతని భార్య గిన్నెలు తోముతోంది. మంచినీళ్ళు ఇచ్చింది. అప్పుడు గుర్తొచ్చి ఉద్యోగం సంగతి చెప్పాను, మళ్ళీ రమ్మన్నారని. యాదగిరి భార్య వైపు చూశాడు.

ఆమె అంది. "ఊరికి ఒచ్చినంక ఆజరు లేదని నా పేరు కాలేజిల కొట్టేసిండ్రు సార్. పరీక్ష నాలుగు దినాలుంది అనంగ ఏడాదంత పోయింది." గ్లాసు తీసుకోవడానికి చెయ్యి చాపింది. "గా రాయి కోసం ఇంత దూరం ఒచ్చిన్రు. గీయన కోసం ఒక్కనాడన్న రాలె."

నేను గ్లాసు ఇచ్చేశాను. జేబులో కాగితం ఉందో లేదో తడిమి చూసుకుని, ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాను.